చదువుకునేవాళ్ళ కూర

మా ఇంట్లో బెండకాయ వేపుడు ఎవరు తినాలో రత్తమ్మక్క ఒక్కతే తేల్చేది. మిగతా కూరలకు అలాంటి పట్టింపు లేదు. వంకాయ, దోసకాయ, గోంగూర ఎవరికి ఎంత కావాలంటే అంత వేసుకోవచ్చు. బెండకాయ మాత్రం చదువుకునేవాళ్ళ కూర.

రత్తమ్మక్క నా తోడికోడలు. మా బావగారు బసవయ్యగారి భార్య. నందిగామకు దగ్గర్లో, మునేటికి ఇవతల మాది చిన్న ఊరు. నేను కాపురానికి వచ్చేనాటికి వాళ్ళ కొడుకు వరప్రసాదరావు మూడో తరగతి చదువుతున్నాడు. వాడు పద్యం ఒకసారి వింటే చెప్పేవాడు. లెక్కలంటే మాత్రం కడుపునొప్పి తెచ్చుకునేవాడు. ఒకరోజు జగన్నాథరావు మాస్టారు బడినుంచి ఇంటికి పోతూ మా గుమ్మం ముందు ఆగారు.

"అమ్మా రత్తమ్మా, మీవాడికి పద్యం చెబితే నిలుస్తుంది, లెక్క చెబితే జారిపోతుంది. బెండకాయ పెట్టి చూడండి. మెదడుకి మంచిదంటారు."

ఆయన నవ్వుతూ అన్నారో నిజంగానే అన్నారో నాకు తెలియదు. అక్కకు అది వేదవాక్కయింది.

"జారిపోయేది నిలవాలంటే జిగురుండాలి గదే. పంతులుగారు అబద్ధం ఎందుకు చెబుతాడు?" అంది నాతో.

ఆ తొలకరికే పెరట్లో గోడ పొడుగునా బెండ గింజలు నాటింది. కాపుకొచ్చాక ఎండ ముదరకముందే కోసేది. ఎండలో కోస్తే నూగు గుచ్చుకుని చేతులు దురద పెడతాయి. కొన విరిచి చూసేది. టప్పున విరిగితే వేపుడుకు, వంగిందంటే పులుసుకు. కాయల్ని పొడి గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, కత్తిపీట మీద సన్నగా తరిగి, ఇనుప మూకుట్లో మూత పెట్టకుండా వేయించేది. జిగురంతా ఆరి, అంచులు నల్లబడి కరకరలాడేవరకూ అక్కడినుంచి కదిలేది కాదు. ఆ వాసనకు వెనక వీధిలో ఉండే వలీబీ కూడా గోడమీదుగా తొంగిచూసేది.

"ఏంది రత్తమ్మక్కా, ఇవ్వాళ కూడా మీవాడి బుర్రకి మెరుగు పెడుతున్నావా?"

"నవ్వు నవ్వు. వాడు లెక్కల్లో ఫస్టు వచ్చిననాడు నీ నోట్లో బెల్లం పెడతా."

"అయితే నాలుక్కాయలు నాకూ ఇయ్యి. మా రసూల్‌కి పెడతా. లారీ ఎక్కడాపాలో గుర్తుండట్లా ఆయనకి. మా ఇంటిముందు తప్ప దేశమంతా ఆపుతాడు."

మగవాళ్ళ బంతిలో ప్రసాదుకే పెద్ద వాటా పడేది. బావగారికీ మా ఆయనకూ రుచికి తలా గరిటెడు. "నేనేం లెక్కలు చెయ్యాలే?" అని బావగారు ఎగతాళి చేస్తే, "మిరపకాయలు తూకం వేయిస్తావు గదా, షావుకారు చెప్పిందానికల్లా తలాడించకుండా ఉండటానికి" అనేది. ఆ తర్వాత ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. అప్పటికి మూకుట్లో నూనె, మాడు మిగిలేవి.

"మనకి పులుసు చాల్లేవే. మనమేం పరీక్షలు రాయాలి?" అనేది అక్క.

కోసేసిన ముచ్చికలు, వంగిన ముదురు కాయలు వేసి చింతపండు పులుసు కాచేది. మేమిద్దరం ఆ పీచు నమిలి నమిలి కంచం పక్కన ఊసేవాళ్ళం. నాకది వింతగా అనిపించలేదు. మా పుట్టింట్లోనూ మా అమ్మ అలాగే తినేది. పులుసు బాగుండేది కూడా.

ప్రసాదుకు లెక్కలు వచ్చాయి. వయసుతో వచ్చాయో, మాస్టారి బెత్తంతో వచ్చాయో, జిగురుతోనే వచ్చాయో గాని వచ్చాయి. హైస్కూలుకు నందిగామ వెళ్ళాడు, ఆ తర్వాత పాలిటెక్నిక్కు. చివరికి జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగస్థుడయ్యాడు. వాడు పాసయిన ప్రతిసారీ అక్క పెరట్లోకి వెళ్ళి ఆ బెండ మొక్కల వంక చూసి వచ్చేది. వలీబీకి బెల్లం పెట్టింది కూడా.

ఈ మధ్యలోనే మా ఆయన పచ్చకామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. పెద్దకర్మ అయ్యాక మా అన్నయ్య బండి కట్టుకుని వచ్చాడు, నన్ను తీసుకుపోవటానికి. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"యాడికి తీసుకుపోతావయ్యా? నీ ఇంట్లో నీ పెళ్ళాం పెట్టింది తిని పడుండటానికా? ఇది దీని ఇల్లు. నా చెల్లెలు ఇది."

మా అన్నయ్య బండి ఖాళీగా వెళ్ళింది. అక్క నన్ను "పున్నీ" అనేది. నా పేరు పున్నమ్మ. అందరికీ నేను పున్నమ్మనే. పెళ్ళయి వచ్చిన రోజునుంచీ ఒక్క అక్కకే పున్నిని.

డెబ్భై తొమ్మిదిలో మా ఊళ్ళో వయోజన విద్య అని పెట్టారు. దీపాలు పెట్టే వేళ బడి వరండాలో పెట్రోమాక్స్ వెలిగించేవారు. రిటైరైన జగన్నాథరావు మాస్టారే చదువు చెప్పేవారు. ఆ సంగతి విని బావగారు అరుగుమీద కూర్చుని గట్టిగా నవ్వారు.

"ముదిరిన బెండకాయలకి చదువులంట! అంటుతుందా ఆ చదువు?"

అక్క లోపలినుంచే అందుకుంది. "ముదిరిన కాయలోనే గింజ ఉంటది. లేతకాయ నాటి చూడు, ఏం మొలుస్తుందో! పోవే పున్నీ, పో. పొయ్యి నేను చూసుకుంటా."

"నువ్వూ రా అక్కా" అన్నాను.

"ఇద్దరం పోతే గేదె పాలు ఎవరు పిండుతారు, మీ బావగారా? ఆయన పొదుగు పట్టుకుంటే అది కొట్టం వదిలి పరిటాల దాకా పరిగెత్తుద్ది."

నేను పలక కొనుక్కున్నాను. మొదటి రోజు బడినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అక్క కంచం పెట్టింది. అన్నం పక్కన బెండకాయ వేపుడు, కుప్పగా.

"ఇదేందక్కా?"

"నువ్వు కూడా చదువుకునేదానివేగా ఇప్పుడు. తిను. అక్షరాలు అంటుకోవద్దూ?"

అన్నేళ్ళు అంత దగ్గరగా ఆ వేపుడు వాసన పీల్చినా, దాని రుచి నాకు అప్పుడే తెలిసింది. పైన కరకర, లోపల మెత్తన. గింజ పంటికింద చిట్లితే ఒక కమ్మదనం. అక్క గోడకు ఆనుకుని కూర్చుని, నేను తింటుంటే నా నోటి వంకే చూస్తూ ఉంది. "ఏం చెప్పాడు పంతులు? చెప్పు చెప్పు" అంటూ ఉంది. నేను నోటినిండా కూరతో అ ఆ లు చెప్పాను. నాకు చదువు వచ్చేవరకూ, బెండకాయ కాసిన రోజల్లా నాకు ఆ వాటా ఉండేది. ఆమె ఏం తిన్నదో నేను చూడలేదు. నా కంచం చూసుకున్నాను.

నాకు బస్సు మీద ఊరి పేరు చదవటం వచ్చింది. ప్రసాదు రాసిన ఉత్తరం అక్కకు చదివి వినిపించటం వచ్చింది. అక్క అదే ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదవమనేది. మొదట్లో అది కొడుకు మీద ప్రేమ. తర్వాత తర్వాత, చదివిన సంగతి గుర్తు లేక.

కూరలో ఉప్పు రెండుసార్లు పడేది. పాలు పొయ్యిమీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయేది. వయసు మీదపడుతోంది, ఎవరికి లేదులే మతిమరుపు అనుకున్నాం. యాభై అయిదు దాటి ఎంతో కాలేదు ఆమెకు.

విత్తనపు కాయల సంగతితో నాకు భయం పట్టుకుంది. అక్క ప్రతి ఏడూ మంచి మొక్కలు చూసి, ఒక్కోదానికి ఒక కాయను విత్తనానికి వదిలేసేది. ఎవరూ కోయకుండా దాని తొడిమకు ఎర్రదారం కట్టేది. అవి మొక్కమీదే ఎండి, పగుళ్ళు విచ్చాక గింజలు తీసి బూడిదలో కలిపి దాచేది. ఆ దారం కట్టిన కాయమీద చెయ్యి వేస్తే బావగారినైనా కసురుకునేది. ఆ ఏడు ఒకరోజు పొద్దున పెరట్లోంచి అరుపులు వినిపించాయి.

"ఎవరే, ఎవరే నా విత్తనపు కాయలు కోసింది? చేతులు విరగ! వచ్చే ఏడు ఏం నాటతారు మీ మొహాలు?"

నేను పరిగెత్తి వెళ్ళాను. మొక్కల మధ్య నిలబడి ఉంది. ఆమె చీర కొంగులోనే ఉన్నాయి ఆ కాయలన్నీ. ఎర్రదారాలు వేలాడుతున్నాయి. ఇంకా ఎండనివి, సగం పచ్చివి.

"అక్కా, నీ ఒళ్ళోనే ఉన్నాయే" అన్నాను.

కొంగు వంక చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. దొంగతనం చేస్తూ పట్టుబడ్డ పిల్ల చూపు అది.

"పున్నీ, నాకేదో అవుతోందే" అంది మెల్లగా.

ఆమె తనంతట తాను ఆ మాట అన్నది అదొక్కసారే. మరుసటి ఏడు మేం వలీబీ దగ్గర గింజలు అడిగి నాటుకున్నాం.

ఆ తర్వాత పేర్లు పోవటం మొదలైంది. ముందు దూరపు చుట్టాలవి, తర్వాత వీధిలో వాళ్ళవి. వలీబీని ఒకరోజు "ఎవరమ్మా, ఏ ఊరు?" అని అడిగింది. వలీబీ నవ్వి, "ఢిల్లీ సుల్తాను కూతుర్నిలే అక్కా" అని, గోడ అవతలికి పోయి ఏడ్చింది. బావగారిని "పెద్దాయన" అనసాగింది. నన్ను మాత్రం ఇంకా పున్నీ అనే పిలిచేది. ఆ ఒక్క పేరూ పోకూడదని ఉండేది నాకు. మిగతావన్నీ పోయినా సరే. పొద్దున్నే లేవగానే నేను ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడేదాన్ని, పిలుస్తుందా లేదా అని. పున్నీ అంటే ఆ రోజుకు ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆమె కూడా పిలవకపోతే ఈ భూమ్మీద నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ప్రసాదు జగ్గయ్యపేటలో డాక్టరు వీరరాఘవయ్యగారి దగ్గరికి తీసుకురమ్మన్నాడు. బావగారూ నేనూ అక్కను నందిగామలో బస్సెక్కించి తీసుకెళ్ళాం. ప్రసాదుకు ఆ రోజు డ్యూటీ మారక రాలేకపోయాడు. డాక్టరుగారు పెద్దాయన, నింపాదిగా మాట్లాడే మనిషి. నన్ను చూపించి అక్కను అడిగారు.

"ఈమె ఎవరమ్మా?"

అక్క నన్ను చూసి నవ్వింది. "మా ఇంటిమనిషేనండి."

"పేరేమిటి?"

"పేరుకేముందిలెండి. మంచి పిల్ల."

ఆ పొద్దున కూడా ఆమె నన్ను పిలవలేదు. బస్సు తొందరలో నేను గమనించలేదంతే.

డాక్టరుగారు ఇంకా ఏవేవో అడిగి, కళ్ళు చూసి, మోకాలిమీద తట్టి చూశారు. ఈ జబ్బు నెమ్మదిగా పెరిగేదే గాని తగ్గేది కాదని బావగారితో చెప్పారు. బలానికి మాత్రలు రాశారు. లేవబోతుంటే నేను ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరుగారూ, బెండకాయ మెదడుకి మంచిదంటారు గదండీ. పెట్టమంటారా?"

ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"మంచి కూరమ్మా. పెట్టండి. బెండకాయ, ఆకుకూరలు, పళ్ళు, ఒంటికి మంచిదల్లా మెదడుకీ మంచిదే. అంటారు గాని, ఎంత మంచిదో నేను చెప్పలేను. ఏదైనా చిన్నప్పటినుంచి తింటూ రావాల్సిన తిండి అది. ఇవ్వాళ తిని రేపు గుర్తు తెచ్చుకునే మందు కాదు." ఆ తర్వాత మామూలుగా అడిగారు. "మీ ఇంట్లో బెండకాయ బాగానే తినేవాళ్ళా?"

"బాగానా అండి! మా పెరడంతా అదే" అన్నారు బావగారు. "మా ఇంట్లో అందరం దాంతో పెరిగినోళ్ళమే."

"ఈమె కూడా?" అన్నారు డాక్టరుగారు అక్క వంక చూసి.

బావగారు నా వంక తిరిగారు. తింటుంది అనబోయి నోరు తెరిచాను. అక్క వేపుడు తింటున్న రోజు ఒక్కటంటే ఒక్కటి గుర్తు తెచ్చుకోబోయాను. మూకుడు పొయ్యిమీద నుంచి దించుతున్న అక్క కనిపించింది. గరిటెతో వడ్డిస్తున్న అక్క కనిపించింది. చివరికి మాడు అంటుకున్న మూకుట్లో రెండు ముద్దల అన్నం వేసుకుని, నూనె అంటేలా రుద్ది కలుపుకుంటున్న అక్క కనిపించింది. అంతే.

డాక్టరుగారు మా జవాబు కోసం చూడలేదు. ఇంకో రోగిని పిలిచారు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని సిమెంటు లారీలను చూస్తూ ఉంది. ఒక్కొక్క లారీ వస్తుంటే మురిసిపోతోంది. బావగారు నాతో నేరుగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"నేను తిని చెయ్యి కడుక్కుని లేచేవాణ్ణమ్మా. తర్వాత లోపల ఏం జరిగేదో నేనెప్పుడు చూశా?"

నేను లోపలే ఉన్నదాన్ని.

మర్నాటినుంచి బెండకాయ వేపుడు అక్క కోసమే చేశాను. అక్క చేసినట్టే గుడ్డతో తుడిచి, మూత పెట్టకుండా వేయించాను. కంచంలో అన్నం పక్కన కుప్పగా పెట్టాను. మందు కాదని డాక్టరు చెప్పనే చెప్పాడు. అయినా తింటే, ఏమో, ఒక్క నా పేరైనా తిరిగి వస్తుందేమోనని ఆశ. అది రాకపోయినా, ఆమె తినాలి.

అక్క తినలేదు. వేలితో కూరంతా కంచం అంచుకు నెట్టేసి పచ్చడితో తిన్నది.

"ఇది తినక్కా."

"మావాడికి పరీక్షలు. వాడికుంచు."

"వాడికి విడిగా ఉంచాను. ఇది నీదే."

"నాకెందుకే? నేనేం రాయాలి?"

నోట్లో పెడితే మింగకుండా బుగ్గన పెట్టుకునేది. నేను అటు తిరగగానే తీసి కొంగున కట్టేది. బియ్యం డబ్బాలో, దిండు కింద, గోడ గూట్లో దాచేది. వాడు బడినుంచి వస్తాడని. నేను ఇల్లు ఊడుస్తుంటే ఎండిపోయిన బెండకాయ ముక్కలు దొరికేవి. కొన్నిటికి చీమలు పట్టి ఉండేవి.

ప్రసాదుకు ఉత్తరం రాశాను. ఆదివారం వచ్చాడు. అప్పటికి వాడికి పెళ్ళయింది, ఒళ్ళు చేశాడు, మీసం పెంచాడు. అమ్మ పక్కనే చాపమీద కూర్చున్నాడు. నేను ఇద్దరికీ వడ్డించాను. అక్క వాడి కంచంలోని బెండకాయ చూసి నా చెయ్యి పట్టుకుని గిల్లింది.

"చుట్టాలకి ఇది వెయ్యకే. వంకాయ వెయ్యి. మావాడికి చాలదు."

"అమ్మా, నేనే. ప్రసాదుని. నీ చేతి బెండకాయ తినే ఇంతవాణ్ణయ్యా. ఇప్పుడు నువ్వు తినమ్మా."

అక్క వాణ్ణి మర్యాదగా చూసి, చీర కొంగు సర్దుకుంది. "మొహమాటపడకండి బాబూ, తినండి. మావాడు బడినుంచి వచ్చే వేళయింది. వాడికి లెక్కలు కొంచెం కష్టం."

వాడు కంచంలో చెయ్యి అలాగే పెట్టి కూర్చుండిపోయాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళాడు. నేను వెళ్ళేసరికి బెండ మొక్కల మధ్య నిలబడి ఉన్నాడు.

"పిన్నీ, అమ్మ ఎప్పుడూ తినలేదా?" అని అడిగాడు.

"మనకి పెట్టేది" అన్నాను.

"నేనొక్కసారన్నా మిగల్చలేదు పిన్నీ. ఇంకా కావాలని ఏడ్చేవాణ్ణి."

సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు దణ్ణం పెడితే అక్క కంగారుపడి కాళ్ళు వెనక్కి తీసుకుంది.

అక్క చిక్కిపోతోంది. బావగారు అరుగుమీద కూర్చుని రోడ్డు వంక చూడటం తప్ప ఏమీ చేయలేకపోయేవారు. నన్ను అక్క ఇప్పుడు "అమ్మాయ్" అనేది. కోపం వస్తే "ఇదిగో మనిషీ" అనేది. పున్నీ అనటం మానేసి ఒక కాపు కాలం దాటిపోయింది.

ఒకరోజు వలీబీ గోడమీదుగా మా తంటా చూస్తూ ఉంది. నేను ముద్ద పట్టుకుని బతిమాలుతున్నాను, అక్క నోరు బిగించుకుని తల అడ్డంగా తిప్పుతోంది.

"చదువుకునేవాళ్ళకే పెడతానంటోంది గదా" అంది వలీబీ. "మరి ఆమెని కూడా బళ్ళో వెయ్యరాదూ?"

వేళాకోళానికే అంది. నవ్వి వెళ్ళిపోయింది కూడా. నేను కంచం కింద పెట్టి లోపలికి వెళ్ళాను. ధాన్యం గాదె వెనక నా పలక ఉంది. ఒక మూల చెక్క చట్రం ఊడిపోయింది. కొంగుతో దుమ్ము తుడిచి, బలపం ముక్క వెతికి తెచ్చి, అక్క ఒళ్ళో పెట్టాను.

"ఎవరిదే ఈ పలక?" అంది.

"నీదే అక్కా. నిన్ను బళ్ళో వేశారు."

"నన్నా?" నమ్మలేనట్టు చూసింది. "నన్నెవరు వేశారే?"

"జగన్నాథరావు మాస్టారు రమ్మన్నారు."

పలకమీద చెయ్యి వేసి రాసింది. కొత్త చీరను చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఉన్నట్టుండి ముఖం ముడుచుకుంది.

"మరి పొయ్యి?"

"పొయ్యి నేను చూసుకుంటా" అన్నాను. "నువ్వు చదువుకో."

చెయ్యి పట్టుకుని "అ" దిద్దించాను. బలపం కీచుమంది. దిద్దినదాన్ని దూరంగా పెట్టి, తల వంచి చూసుకుని నవ్వింది. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి బడికి పంపిన మనిషి, అక్షరం ఎలా ఉంటుందో దగ్గరగా చూడటం అదే మొదలు. ఆ రోజుల్లో నేను ఇంటికి వచ్చి పలక గోడకు ఆనించేదాన్ని. చూపించక్కర్లేదా అని నాకు తోచలేదు. ఆమె అడగలేదు.

అప్పుడు కంచం దగ్గరికి జరిపాను.

"చదువుకునేవాళ్ళు ఇది తినాలక్కా. అక్షరాలు అంటుకోవద్దూ?"

అక్క బెండకాయ ముక్క ఒకటి వేళ్ళతో పట్టుకుని చూసింది. నోట్లో వేసుకుంది. నమిలింది. నేను ఆమె నోటి వంకే చూస్తూ కూర్చున్నాను. మింగింది. ఇంకొకటి తీసుకుంది. తర్వాత గబగబా తినసాగింది, అన్నం కలుపుకోకుండా, ఉత్త కూరే. కళ్ళు పెద్దవి చేసుకుని నా వంక చూసింది.

"ఇంత బాగుంటదా ఇది?" అంది.

నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. కొన్ని వేల కాయలు తరిగిన మనిషి ఆమె.

సగం తిన్నాక చెయ్యి ఆగిపోయింది. మిగిలిన కూరను వేలితో జాగ్రత్తగా ఒక పక్కకు చేర్చింది. నాకు భయమేసింది, మళ్ళీ ప్రసాదు కోసమేనేమోనని.

"అదీ తినక్కా. ప్రసాదు తిన్నాడు."

"ప్రసాదుకి కాదు" అంది. "మా పున్నికి."

అక్క గుమ్మం వంక చూసింది.

"అది బడికి పోయింది. దీపాలు పెట్టాక వస్తది. ఆకలితో వస్తది పాపం, మొగుడు లేనిది. అడిగి పెట్టించుకోదు అది."

"నేనే అక్కా. నేనే పున్నిని."

నా తలలో నెరిసిన వెంట్రుకలు, ముఖం, చేతులు వరసగా చూసింది. నేను ఏదో తమాషా చేస్తున్నాననుకుని నవ్వింది.

"ఊరుకో. మా పున్ని చిన్నపిల్ల."

కంచంలో మిగిలిన కూరమీద పలక మూతలా బోర్లించింది. నన్ను ముట్టుకోవద్దన్నట్టు దానిమీద చెయ్యి ఉంచి గోడకు ఆనుకుంది. ఆ పేరు ఆమెలో పోలేదు. ఎక్కడా పోలేదు. నేనే ఆ పేరుకు చాలకుండా పోయాను.

సాయంత్రం దాకా ఆ కంచం అక్కడే ఉంది. దీపం పెట్టాక, ఆమె నిద్రలో తూగుతున్నప్పుడు నేను పలక తీసి, ఎదురుగానే కూర్చుని ఆ కూర తిన్నాను. చల్లబడి మెత్తబడింది. పలకమీద ఆమె రాసిన అక్షరం కూర నూనె అంటి సగం చెరిగింది. కంచం చప్పుడుకు కళ్ళు తెరిచింది.

"వచ్చిందా పున్ని?"

"వచ్చిందక్కా."

"తిన్నదా?"

"తిన్నది."

"ఇంకా కావాలందా?"

లేదనబోయాను. నా గొంతులోంచి వేరే మాట వచ్చింది.

"అక్క తిన్నదా అని అడిగింది."

అక్క లేచి సరిగా కూర్చుంది. ఆమె ముఖంలో అంత సంబరం నేను చాలాకాలంగా చూడలేదు.

"అడిగిందా! చూశావా, ఎంత ప్రేమో దానికి!" అంది. కొంగుతో మూతి తుడుచుకుంది. "తిన్నానని చెప్పు."